చిన్న నగరం ఖజానా సర్వీసు: నా రేటింగ్ ఐదుకి మూడు

ముందే చెప్పేస్తాను, మూడు స్టార్లే ఇస్తున్నాను. మామూలు రోజుల్లో ఈ సర్వీసు ఫర్వాలేదు, నిజానికి బాగానే పనిచేస్తుంది. ఏదైనా తేడా వచ్చిన రోజున మాత్రం, ఎక్కడ తేడా వచ్చిందో చెప్పగలిగే మనిషి లోపల ఒక్కరు కూడా ఉండకపోవచ్చు. రెండు స్టార్లు పోయింది అందుకే.

ఫోను కొంటే రివ్యూ రాస్తాం, క్యాబ్ ఆలస్యమైతే రాస్తాం. పుట్టిన సర్టిఫికెట్ నుంచి చెత్తబండి దాకా వాడుకుంటూ, ఏటా పన్ను కడుతూ ఉండే సర్వీసుకి మాత్రం ఎవరూ రాయరు. మహా అయితే రోడ్డు మీద గుంత ఫొటో తీసి పెడతారు. ఆ గుంత పూడ్చడానికి డబ్బుందా, ఉంటే ఏ ఖాతాలో ఉంది, ఆ ఖాతా మీద సంతకం ఎవరిది అని అడిగేవాళ్లు తక్కువ. నేను రాస్తున్నది ఆ లెక్కల గది గురించి. చిన్న నగరం తన డబ్బుని ఎలా చూసుకుంటుంది, తన నెత్తి మీద పడగల ముప్పుల్ని ఎలా చూసుకుంటుంది అన్నదాని మీద.

ఇది ఏ ఒక్క ఊరి మీదా ఫిర్యాదు కాదు. కొన్ని వేల నుంచి లక్షకి కాస్త అటూ ఇటూ జనాభా ఉన్న నగరాల బడ్జెట్లు, ఆడిట్ రిపోర్టులు తిరగేయడం నాకున్న వింత అలవాటు (సెలవు రోజున నవలలు చదివేవాళ్లుంటారు, ఎవరి పిచ్చి వాళ్లకి ఆనందం). దేశాలు వేరు, చట్టాలు వేరు. అయినా దెబ్బతిన్న నగరాల కథలు పక్కపక్కన పెట్టి చూస్తే, చాలా వాటిలో డబ్బు కంటే ముందు మనుషులు చాలలేదని తెలుస్తుంది. లెక్కలు రాసేవాళ్లు, వాటిని సరిచూసేవాళ్లు, ఏదో అమ్మడానికి సూటు వేసుకుని వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగగలిగేవాళ్లు. మహానగరాల్లో వీళ్లు గదుల నిండా ఉంటారు. చిన్న నగరంలో ముగ్గురుంటే గొప్ప, అందులో ఒకరు ప్రసూతి సెలవులో ఉంటారు.

ముందు మెచ్చుకోవాల్సినవి. చిన్న నగరానికి నోట్లు అచ్చేసుకునే వీలు లేదు. చాలా చోట్ల రోజువారీ ఖర్చుకి ఏళ్ల తరబడి అప్పు చేయడానికి చట్టం ఒప్పుకోదు, అప్పు చేస్తే పైపులైనో వంతెనో భవనమో కట్టడానికే చేయాలి. ఈ ఒక్క నిబంధన వల్ల చిన్న నగరాల పుస్తకాలు చాలా పెద్ద ప్రభుత్వాల పుస్తకాల కంటే శుభ్రంగా ఉంటాయి. నలభై ఏళ్లు పనిచేసే నీటి ట్యాంకుకి ఇరవై ఏళ్ల అప్పు చేస్తే తప్పేం లేదు, రేపు ఆ నీళ్లు తాగేవాళ్లు కూడా కొంత కడతారు. జీతాలివ్వడానికి అప్పు చేస్తున్నారంటే మాత్రం లోపల ఏదో కాలుతున్నట్టే.

ఆదాయం సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆస్తి పన్ను మెల్లగా కదులుతుంది, ఇళ్లు ఎక్కడికీ పారిపోవు కదా. అమ్మకాల మీద వచ్చే పన్ను వ్యాపారంతో పాటు లేస్తుంది, పడుతుంది. పై ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు వాళ్ల దయ, వాళ్ల ఎన్నికల కేలండరు. ఈ మూడూ ఏ పాళ్లలో ఉన్నాయో చూస్తే ఆ నగరం జాతకం సగం తెలిసిపోతుంది. మిగతా సగానికి ఒకటే ప్రశ్న: ఒక్కసారి వచ్చే డబ్బుతో ప్రతి నెలా వచ్చే ఖర్చు నడిపిస్తున్నారా? స్థలం అమ్మిన డబ్బుతో జీతాలిచ్చి 'మిగులు బడ్జెట్' అని దండోరా వేసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. వచ్చే ఏడాది అమ్మడానికి ఇంకో స్థలం ఉందా అని కౌన్సిల్లో ఒక్కరు అడిగితే చాలు, మీటింగు వేడెక్కుతుంది.

ఇక అసలు గొడవకి వస్తాను.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో డిక్సన్ అని ఒక ఊరుంది. జనాభా పదహారు వేలు, ఆ మాత్రం. అమెరికా అధ్యక్షుడిగా చేసిన రొనాల్డ్ రీగన్ చిన్నప్పుడు పెరిగిన ఊరు. అక్కడ రీటా క్రండ్‌వెల్ అనే ఆవిడ 1980ల నుంచి ఖజానా బాధ్యత చూసేది. డబ్బు వచ్చేది ఆవిడ దగ్గరికే, పోయేది ఆవిడ చేతి మీదుగానే, పుస్తకంలో రాసేది ఆవిడే, ఆ రాసినదాన్ని బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసేదీ ఆవిడే. 1990 డిసెంబరులో నగరం పేరు మీదే ఇంకో ఖాతా తెరిచింది. దాని పేరు ఆర్ఎస్‌సీడీఏ, విప్పి చదివితే మురుగుకాల్వల పనుల కోసం పెట్టిన రిజర్వు ఖాతా కాబోలు అనిపిస్తుంది. ఆ పేరు పెట్టడంలో ఉన్న తెలివికి నేను ఇప్పటికీ దండం పెడతాను. 'మురుగుకాల్వల రిజర్వు' అని రాసి ఉంటే ఎవరు తెరిచి చూస్తారండీ?

రాష్ట్ర ప్రభుత్వం నుంచి వచ్చినట్టు దొంగ ఇన్వాయిసులు తయారుచేసి, నగరం ఖాతాల్లోంచి డబ్బు ఇందులోకి తిప్పి, ఇందులోంచి తన గుర్రాలకి, నగలకి, ఇళ్లకి వాడుకుంది. ఇరవై ఏళ్లకి పైగా. లెక్క తేలాక మొత్తం 5.37 కోట్ల డాలర్లు. మరి అన్నేళ్లూ ఆ ఊళ్లో డబ్బు చాలకపోతే ఎవరికీ అనుమానం రాలేదా అంటే, వచ్చింది, దానికి సమాధానం కూడా దొరికింది. రాష్ట్రం మన వాటా ఆలస్యంగా ఇస్తోంది అని ఆవిడే చెప్పేది, ఇల్లినాయ్ నిజంగానే డబ్బు ఆలస్యంగా ఇస్తుందని పేరుపడ్డ రాష్ట్రం కాబట్టి అందరూ నమ్మేశారు. రోడ్ల పనులు వాయిదా పడ్డాయి, ఖర్చులు కోసుకున్నారు. గుర్రాలు మాత్రం పోటీల్లో కప్పులు గెలుస్తూనే ఉన్నాయి.

ఇందులో నాకు ఎక్కువ మంట పుట్టించేది దొంగతనం కాదు. అన్నేళ్లూ ఆడిట్లు జరిగాయి, రిపోర్టులు వచ్చాయి, ఫైళ్లలోకి వెళ్లాయి. చివరికి దొరికింది ఎలాగో చూడండి. 2011లో ఆవిడ పొడుగాటి సెలవు మీద వెళ్లింది. ఆ కొన్నాళ్లూ పని చూసుకుంటున్న నగర క్లర్కు, స్టేట్‌మెంట్లన్నీ పంపమని బ్యాంకుని అడిగారు. వచ్చిన కాగితాల్లో తనకి తెలియని ఖాతా ఒకటుంది, అందులోకి పెద్ద పెద్ద మొత్తాలు వస్తున్నాయి, బయటికి పోతున్న డబ్బుకీ నగరం పనులకీ సంబంధం లేదు. ఆ కాగితం పట్టుకెళ్లి మేయరుకి చూపించారు, మేయరు ఎఫ్‌బీఐకి చెప్పారు. 2012 ఏప్రిల్లో అరెస్టు. 2013 ఫిబ్రవరిలో 19 ఏళ్ల 7 నెలల జైలు శిక్ష. ఆడిటర్లు, బ్యాంకు కలిసి సెటిల్‌మెంటు కింద నగరానికి సుమారు 4 కోట్ల డాలర్లు కట్టారు.

అంటే ఇరవై ఏళ్ల ఆడిట్లు చేయలేని పని ఒక మనిషి సెలవు పెడితే అయిపోయింది. కంచే చేను మేసింది అని సామెత చెప్పి చేతులు దులుపుకోవచ్చు, కానీ కాపలాకి ఒక్క కంచెనే నమ్ముకున్నవాళ్ల సంగతేంటి? ఉత్తరాలు విప్పేది ఒకరు, చెక్కు రాసేది ఇంకొకరు, బ్యాంకుతో సరిచూసేది మూడో మనిషి, ఇది లెక్కల పనిలో మొదటి పాఠం. చిన్న నగరం వాళ్లని అడిగితే 'మాకు అంతమంది ఎక్కడున్నారు' అంటారు, అదీ నిజమే. కానీ అంతమంది అక్కర్లేదు. బ్యాంకు స్టేట్‌మెంటు కవరు విప్పకుండా నేరుగా ఒక కౌన్సిల్ సభ్యుడికి వెళ్లే ఏర్పాటు చేయొచ్చు. నగరం పన్ను నంబరు మీద ఎన్ని ఖాతాలున్నాయో ఏటా బ్యాంకుల నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోవచ్చు. డబ్బు ముట్టుకునే ప్రతి మనిషీ ఏడాదిలో వరసగా రెండు వారాలు సెలవు తీసుకుని తీరాలని, ఆ రెండు వారాలూ వాళ్ల కుర్చీలో వేరేవాళ్లు కూర్చోవాలని నియమం పెట్టొచ్చు. పైసా ఖర్చు లేని పనులివి. 'ఎంత పనిమంతురాలో, పదేళ్లుగా ఒక్క సెలవు పెట్టలేదు' అని ఏదైనా ఆఫీసులో ఎవరినైనా మెచ్చుకుంటుంటే నాకు టెన్షన్ మొదలవుతుంది.

ఒక స్టారు ఇక్కడే పోయింది.

రిజర్వు గురించి. అమెరికా, కెనడాల్లోని ప్రభుత్వ ఫైనాన్స్ అధికారుల సంఘం, జీఎఫ్ఓఏ అంటారు, కనీసం రెండు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు చేతిలో ఉంచుకోమని చెబుతుంది. చాలా నగరాలు ఆ అంకెని గోడ మీద రాసుకుని, అది దాటితే గండం గడిచినట్టే అనుకుంటాయి. నా లెక్క వేరు. పన్నులో పెద్ద ముక్క ఒకే ఫ్యాక్టరీ నుంచో ఒకే మాల్ నుంచో వస్తున్న నగరానికి రెండు నెలలు ఏ మూలకి? అది మూతపడితే ఆదాయం రెండు నెలలు ఆగి మళ్లీ రాదు, ఇక రాదు. వరదొస్తే పై ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుంది నిజమే, ముందు మీరు ఖర్చుపెట్టి బిల్లులు పంపాక ఇస్తుంది, ఆ బిల్లులు టేబుళ్లన్నీ తిరిగి రావడానికి పట్టే కాలం అందరికీ తెలిసిందే. అందుకని ఎన్ని నెలలు అన్న అంకె కంటే, ఏ ముప్పు కోసం ఎంత అని విడివిడిగా రాసుకున్న నగరాన్ని నేను నమ్ముతాను. అలా రాసుకున్నవి తక్కువే కనిపించాయి. మరీ ఎక్కువ కూడబెట్టి కూర్చున్నవి కూడా ఉన్నాయి, అది కూడా తప్పే, ఆ డబ్బు జనం దగ్గర ఉండాల్సింది.

ఇప్పుడు ఆ రిజర్వుని ఎక్కడ పెడతారు అన్నది. వరస అందరికీ తెలుసు: మొదట భద్రత, తర్వాత కావాల్సినప్పుడు చేతికి రావడం, ఆ రెండూ కుదిరాకే వడ్డీ. తెలిసి కూడా తలకిందులు చేసినవాళ్ల కథ ఒకటి నార్వేలో ఉంది. ఉత్తరాన ఉన్న నార్విక్, రానా, హెమ్నెస్, హత్‌ఫ్యెల్‌దాల్ లాంటి మున్సిపాలిటీలు జలవిద్యుత్తు మీద ముందు ముందు రాబోయే ఆదాయాన్ని చూపించి అప్పు తీసుకుని, ఆ డబ్బుని టెర్రా సెక్యూరిటీస్ అనే సంస్థ ద్వారా అమెరికా బ్యాంకు సిటీగ్రూప్ తయారుచేసిన ఆర్థిక ఉత్పత్తుల్లో పెట్టాయి. అవి ఎక్కడో అమెరికాలోని బాండ్లకి ముడిపడ్డవి. వాటి విలువ ఒక గీత కిందికి పడితే మున్సిపాలిటీలు ఇంకా డబ్బు తెచ్చి పోయాలి, లేదంటే నష్టానికి అమ్మేసుకోవాలి. అమ్మేటప్పుడు నార్వే భాషలో చేతికిచ్చిన కాగితాల్లో ఈ ముక్క సరిగ్గా చెప్పలేదని తర్వాత తేలింది. 2007లో మార్కెట్లు కుదేలయ్యాయి, గీత రానే వచ్చింది. నవంబరు చివర్లో టెర్రా సెక్యూరిటీస్ దివాలా తీసింది, మున్సిపాలిటీలకి నష్టం మిగిలింది.

హత్‌ఫ్యెల్‌దాల్ జనాభా అప్పట్లో ఎంతో తెలుసా? దాదాపు పదిహేను వందలు. పదిహేను వందల మంది ఊళ్లో న్యూయార్కులో తయారైన ఆ కాగితాన్ని ఎవరు చదవాలి, ఎవరు అర్థం చేసుకోవాలి? అమ్మేవాళ్ల వైపు లాయర్లు, గణిత పండితులు, రేటింగ్ సంస్థల ముద్రలు. కొనేవాళ్ల వైపు ఒక లెక్కల అధికారి, ఖాళీ దొరికినప్పుడు వచ్చి చేతులెత్తే కౌన్సిల్. కొన్నవాళ్లకి అత్యాశ లేదని అనను, ఉంది, రేపటి ఆదాయాన్ని ఇవాళే తెచ్చి జూదంలో పెట్టారు. అయినా మామూలు డిపాజిట్ కంటే కాస్త ఎక్కువ ఇస్తామని ఎవరైనా వచ్చినప్పుడు, ఆ కాస్త ఎక్కువ దేనికిస్తున్నారని అడగడానికి కూడా ఒక మనిషి కావాలి. అర్థం కానిది కొనం అని రెండు వాక్యాల పాలసీ రాసి పెట్టుకుంటే ఆ మనిషి లేకపోయినా గండం గడుస్తుంది.

'మాకు తెలివి లేదు కాబట్టి తెలివైన పెద్దవాళ్ల దగ్గర పెడదాం' అనే దారి కూడా ఉంది. కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఖజానాదారు రాబర్ట్ సిట్రన్ నడిపిన ఉమ్మడి నిధిలో చుట్టుపక్కల నగరాలు, బడులు తమ డబ్బు పెట్టాయి. ఆయన దగ్గర జమైంది 750 కోట్ల డాలర్లకి దగ్గర. దాని మీద అప్పు తెచ్చి పెట్టుబడిని 2,000 కోట్లు దాటించాడు, వడ్డీ రేట్లు పెరగవన్న నమ్మకంతో. 1994లో రేట్లు పెరిగాయి. ఆ ఏడాది ఎన్నికల్లో ఆయన మీద పోటీ చేసినాయన ఈ ముప్పు గురించి గట్టిగానే హెచ్చరించాడు, జనం వినలేదు, సిట్రన్ గెలిచాడు. డిసెంబరు 6న కౌంటీ దివాలా పిటిషన్ వేసింది. నష్టం 160 కోట్ల డాలర్ల పైమాటే. అంతకు ముందు ఏళ్లలో అందరికంటే మంచి రాబడి ఇచ్చిన నిధి అది. ఇలాంటి ఉమ్మడి నిధులు చెడ్డవని అనను, బాగా నడిచేవి చాలా ఉన్నాయి. రాబడి బాగా వస్తున్నప్పుడు ఎందుకొస్తోందని అడగాలి, తగ్గినప్పుడు అడగడం ఎవరికైనా వచ్చు.

రెండో స్టారు పోయింది లెక్కల్లో లేని లెక్కల వల్ల. ఆడిట్ రిపోర్టు చేతికొస్తే నేను మొదటి పేజీ చూడను, అక్కడ మేయరు నవ్వుతూ ఉంటారు. వెనక్కి వెళ్లి నోట్స్ చదువుతాను. చిన్న అక్షరాల్లో 'నగరం ఫలానా సంస్థ తీసుకున్న రుణానికి హామీగా ఉన్నది' అని ఒక వాక్యం ఉంటుంది చూడండి, రెండు లైన్లే ఉంటుంది, దాని పక్కన ఒక అంకె, ఆ అంకె కొన్నిసార్లు నగరం మొత్తం బడ్జెట్ కంటే పెద్దది.

జపాన్‌లో హొక్కైదో దీవిలో యూబారి అని బొగ్గు గనుల ఊరుండేది. అంటే ఇప్పటికీ ఉంది, గనులే లేవు. 1960 ప్రాంతంలో లక్ష దాటిన జనాభా ఇప్పుడు కొన్ని వేలకి వచ్చింది. చివరి గని 1990లో మూతపడింది. ఊరిని నిలబెట్టాలని థీమ్ పార్కు, స్కీయింగ్, హోటళ్లు అంటూ పర్యాటకం మీద డబ్బు పోశారు. జనం రాలేదు, వచ్చినవాళ్లు చాలలేదు. ఆ నష్టం పుస్తకాల్లో కనబడకుండా చేసిన పద్ధతి మాత్రం ప్రతి కౌన్సిల్ సభ్యుడూ ఒకసారి తెలుసుకోవాలి. అక్కడ ఆర్థిక సంవత్సరం మార్చి 31తో అయిపోయినా, పాత ఏడాది జమాఖర్చులు సర్దుకోవడానికి మే చివరిదాకా గడువుంది. ఆ రెండు నెలల్లో కొత్త ఏడాది డబ్బుని ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకి అప్పుగా ఇచ్చి, పాత ఏడాది ఆదాయంగా రాసేవారు. స్వల్పకాలిక రుణాలతో ఆ చక్రం తిప్పుతూ వచ్చారు. ఏడాది చివర ఏ ఖాతా చూసినా లోటు కనబడదు. లోటు ఎప్పుడూ ఎక్కడో ప్రయాణంలో ఉంటుంది.

2006లో బయటపడింది, 2007 మార్చిలో ఆ ఊరిని అధికారికంగా ఆర్థిక పునర్నిర్మాణంలో పెట్టారు. తీర్చాల్సింది దాదాపు 3,500 కోట్ల యెన్లు. పన్నులు, ఫీజులు పెరిగాయి, ఉద్యోగుల జీతాలు తెగ్గోశారు, మేయరు జీతం కూడా. ప్రాథమిక బడులన్నీ కలిపి ఒకటి చేశారు, ఆసుపత్రిని చిన్న క్లినిక్‌కి దించారు. వయసులో ఉన్నవాళ్లు ఊరొదిలి వెళ్లారు, ముసలివాళ్లు అప్పు తీరుస్తూ మిగిలారు. ఆ దెబ్బతో జపాన్ 2007లోనే కొత్త చట్టం చేసింది. ఇప్పుడు అన్ని ఖాతాల్నీ కలిపి, ఊరికి సంబంధించిన కంపెనీల భారాన్ని కూడా చేర్చి నిష్పత్తులు ప్రకటించాలి. ఒక ఊరు మునిగితే తప్ప అందరికీ ఆ లెక్క రాలేదన్నమాట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, ఆకులు మంచివే.

ఇంగ్లండ్‌లో వోకింగ్ ఇంకో రకం. లక్ష జనాభా ఉన్న, బాగా డబ్బున్న ప్రాంతం. స్థానిక సంస్థలకి చౌకగా దొరికే ప్రభుత్వ రుణాలు తీసుకుని, తన సొంత కంపెనీలకి అప్పిచ్చి, ఊరి మధ్య ఆకాశహర్మ్యాలు, ఒక పెద్ద హోటలు కట్టించింది. అసలు తీర్చడానికి ఏటా పక్కన పెట్టాల్సిన మొత్తాన్ని సరిగ్గా పెట్టలేదు. 2023 జూన్‌లో సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది, అంటే తప్పనిసరివి తప్ప కొత్త ఖర్చు పెట్టలేం అని చేతులెత్తేయడం. ఆ ఏడాదికి చేతిలో ఉన్న నిధులు 1.6 కోట్ల పౌండ్లు, చూపించిన లోటు 120 కోట్ల పౌండ్లు. ఈ రెండు అంకెల మధ్య తేడా ఏదో ఒక్క ఏడాదిలో పుట్టింది కాదు. ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అవును అని చెయ్యెత్తారు. హోటలు నడపడం చేతకాని సంస్థ హోటలు ఎందుకు కట్టింది అంటే, గ్రాంట్లు తగ్గుతున్నాయి, సొంత ఆదాయం వెతుక్కోమని పైనుంచి చెప్పారు అంటారు. ఆ వాదనలో నిజం ఉంది, కాదనను. పైవాళ్లు చెప్పారు కదా అని బడ్జెట్‌కి డెబ్బై ఐదు రెట్ల గొయ్యి తవ్వుకోవడం మాత్రం ఎవరి ఖాతాలో వేయాలి?

పెన్షన్ల గురించి ఎంత తక్కువ రాస్తే అంత మంచిది, ఏడుపొస్తుంది. అమెరికాలోని రోడ్ ఐలండ్‌ రాష్ట్రంలో సెంట్రల్ ఫాల్స్ అనే నగరం, ఒక చదరపు మైలుకి కాస్త పైన విస్తీర్ణం, పంతొమ్మిది వేల జనం. ఉద్యోగులకి మాట ఇచ్చింది, దానికి తగ్గట్టు డబ్బు పక్కన పెట్టలేదు, 2011లో దివాలా తీసింది. రిటైరైన పోలీసులు, ఫైర్ సిబ్బంది పెన్షన్లని 55 శాతం దాకా కోశారు. ముప్పై ఏళ్లు మంటల్లోకి పరిగెత్తిన మనిషికి ఇచ్చిన మాట అలా తప్పారు. జీతం పెంచడానికి డబ్బు లేనప్పుడు పెన్షన్ పెంచుతామని మాటివ్వడం రాజకీయ నాయకుడికి ఉచితం, బిల్లు వచ్చేసరికి ఆయన ఉండడు.

ఇంత తిట్టాక కూడా మూడు స్టార్లు ఎందుకు మిగిలాయంటే, చిన్న నగరాలు కొన్ని పనులు చాలా తెలివిగా చేశాయి. అందులో నాకు బాగా నచ్చింది ఇన్సూరెన్స్ ఉమ్మడి నిధులు. 1980ల మధ్యలో అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు నగరాలకి బాధ్యతా బీమా (నగరం వల్ల ఎవరికైనా నష్టం జరిగితే కట్టాల్సిన పరిహారానికి చేసే బీమా) ఇవ్వడానికి వెనకాడాయి, ఇచ్చినా ప్రీమియం నెత్తిమీద రోకలి పోటులా ఉండేది. అప్పుడు నగరాలు జట్టుకట్టి తమ ప్రీమియం తామే ఒక చోట పోగేసుకుని, క్లెయిములు అందులోంచే కట్టుకోవడం మొదలుపెట్టాయి. అంతకన్నా పెద్ద దెబ్బ తగిలితే పైన రీఇన్సూరెన్స్, అంటే ఆ నిధికే ఇంకో బీమా. డబ్బు ఆదా అయిందన్నది సరే, నాకు నచ్చింది వేరే. ఆ నిధి తరఫున ఒక మనిషి వచ్చి నగరం అంతా తిరుగుతాడు. ఆట స్థలంలో ఉయ్యాల గొలుసులు తుప్పు పట్టాయా, పోలీసు వాహనాల డ్రైవర్లకి శిక్షణ ఉందా, మురుగుకాల్వ వెనక్కి తన్నిన ఫిర్యాదులు ఏ వీధిలో ఎక్కువ అని చూసి కాగితం మీద పెడతాడు. విడివిడిగా ఏ నగరమూ జీతం ఇచ్చి పెట్టుకోలేని మనిషిని పది మంది కలిసి పెట్టుకున్నారు. మనుషులు చాలని రోగానికి సరైన మందు ఇదే, ఆడిట్‌కీ పెట్టుబడుల సలహాకీ కూడా ఇదే పద్ధతి ఎందుకు పాకలేదో నాకు అర్థం కాదు.

అయితే ఇన్సూరెన్స్ ఉంది కదా అని నిద్రపోయినా కష్టమే. ఫ్లోరిడాలో లేక్ సిటీ, పన్నెండు వేల జనాభా. 2019 జూన్‌లో రాన్సమ్‌వేర్ (కంప్యూటర్లకి తాళం వేసి డబ్బిస్తేనే తీస్తామనే దొంగ ప్రోగ్రాం) పడి ఈమెయిళ్లు, ఫైళ్లు, ఫోన్లు ఆగిపోయాయి. దొంగలకి 42 బిట్‌కాయిన్లు ఇచ్చారు, అప్పటి విలువ దాదాపు 4.6 లక్షల డాలర్లు. ఇన్సూరెన్స్ కట్టింది, నగరం జేబులోంచి పోయింది 10 వేల డాలర్లు. కౌన్సిల్ వైపు నుంచి చూస్తే చవకబేరం. కానీ ప్రతి నగరం ఇలాగే చవకబేరం చేసుకుంటే దొంగలు తర్వాతి చిన్న నగరం తలుపు తట్టక ఇంకేం చేస్తారు, ఇన్సూరెన్స్ కంపెనీ ప్రీమియం పెంచక ఇంకేం చేస్తుంది? వేరే చోట భద్రంగా దాచిన బ్యాకప్ ఒకటి ఉండి, ఏడాదికోసారైనా దాన్ని నిజంగా తెరిచి చూసి ఉంటే ఈ బేరమే అక్కర్లేదు. చాలా ఆఫీసుల్లో బ్యాకప్ ఉంటుంది, అది తెరుచుకుంటుందో లేదో మాత్రం ఎవరూ చూసి ఉండరు.

కస్టమర్ కేర్ సంగతి కూడా రాయాలి కదా. బడ్జెట్ పుస్తకాన్ని నాలుగు వందల పేజీల స్కాన్ చేసిన ఫైలుగా పెట్టే నగరాలు ఉన్నాయి, అందులో ఏ పదం వెతికినా దొరకదు. అదే రెండు పేజీల్లో 'మీరు కట్టిన ప్రతి వందలో ఎంత దేనికి పోయింది, మన అప్పు ఎంత, ఎప్పటికి తీరుతుంది' అని రాసి పెట్టేవి కూడా ఉన్నాయి. రెండో రకానికి ఎక్కువ తెలివి అక్కర్లేదు, దాచాల్సింది లేకపోతే చాలు. బడ్జెట్ మీద అభిప్రాయాలు చెప్పండి అని పనిరోజు పొద్దున్న పదకొండింటికి మీటింగు పెట్టి, ఎవరూ రాలేదు కాబట్టి ప్రజలకి అభ్యంతరం లేదని రాసుకోవడం అయితే ఒక కళ.

మీ నగరానికి మీరే రేటింగ్ ఇవ్వాలనుకుంటే బడ్జెట్ ప్రసంగంతో టైమ్ పాడుచేసుకోకండి. ఆడిట్ రిపోర్టుతో పాటు ఆడిటరు యాజమాన్యానికి రాసే ఉత్తరం ఒకటి ఉంటుంది, దాన్ని అడిగి తీసుకోండి. అందులో 'జమ చేసేదీ సరిచూసేదీ ఒకే ఉద్యోగి' అనో, 'ఫలానా ఖాతా బ్యాంకుతో సరిచూడలేదు' అనో ఉంటుంది, దాని కింద నగరం ఇచ్చిన జవాబు ఉంటుంది. ఇప్పుడు కిందటి ఏడాది ఉత్తరం తీయండి, అంతకు ముందుదీ తీయండి. అదే లోపం, అదే జవాబు, 'సిబ్బంది కొరత వల్ల ఆలస్యమైంది, చర్యలు తీసుకుంటున్నాము' అని తేదీ మాత్రమే మార్చి మూడేళ్లూ అచ్చుగుద్దినట్టు కనిపిస్తే, నేను ఇచ్చిన మూడింటిలోంచి ఇంకొకటి మీరు నిరభ్యంతరంగా కోసేయొచ్చు.